కరెంటు పోయినా ఆరని పచ్చలైటు

ఆ ఇంజనీరు కుర్రాడు శ్రీనాథ్ ప్రేమలో ఓడిపోయి కొల్లేట్లో చేపల చెరువులో దూకాడని పక్కింటి పాపాయమ్మ చెప్పిందట. పిల్లది చింతలపూడిదట. ఫోన్ ఎత్తడం మానేసిందట. ఇతను అన్నం మానేశాడట. వట్లూరులో అతను అద్దెకున్న ఇంటి ఓనరు రత్నాంబ ఇదంతా ఏకరువు పెట్టి, కొత్తగా అద్దెకు దిగిన వీరదుర్గ చేతిలో తాళం పెట్టింది.

"దూకినవాడికి చేతులు వెనక్కి విరిచి ఎవరు కట్టారండీ?" అంది వీరదుర్గ.

"అదేంటోనమ్మా! పాపాయమ్మ అంతదాకా చెప్పలేదు."

వీరదుర్గ సీక్రెట్ ఏజెంట్. కోడ్ నేమ్ 'కొంగ'. పుట్టింది కొల్లేటి గట్టు మీద, చదివింది ఏలూరులో ఎలక్ట్రానిక్స్. సాయంత్రం ఆవిడ పవర్‌పేటలోని ఒక కిరాణా కొట్టుకు వెళ్లింది.

"కందిపప్పు పాతదుందా అండీ?"

"పాతది ఉడకదమ్మా. లోపలికి రా, కొత్తది చూపిస్తాను."

కొట్టు యజమాని పద్మనాభం ఆవిడ చీఫ్. వెనక గదిలో బస్తాల మధ్య కూర్చుని బ్రీఫింగ్ మొదలెట్టాడు.

"శ్రీనాథ్ మనవాడే. తాడేపల్లిగూడెం అవతల మన టెస్ట్ షెడ్డులో రేపు పదకొండింటికి రాకెట్ ఇగ్నైటర్ పరీక్ష. అందుకు వాడే సర్క్యూట్ బోర్డు చేసింది అతనే. దాని మీద ఎనలాగ్ స్విచ్ చిప్‌లలో ఏదో తేడా ఉందని ఫోన్ చేశాడు. గంటలో శవమయ్యాడు."

"ఎవరి పని?"

"విదేశీ ముఠా పని. మన బోర్డుతోనే మన షెడ్డును లేపేద్దామని చూస్తున్నారని నా అనుమానం. లోపల వినయ్, అతనితో పదిమంది ఉంటారు. పరీక్ష ఆపమంటే పైవాళ్లు రుజువు అడుగుతున్నారు. ఇదిగో, ఆ బోర్డుకు జంట బోర్డు. తేడా నువ్వు పట్టుకోవాలి. నీకు తోడు శ్రీహర్ష."

బస్తాల వెనక నుంచి ముందు సెంటు వాసన వచ్చింది, తర్వాత మనిషి వచ్చాడు. గంధం రంగు లినెన్ చొక్కా, నల్లకళ్లద్దాలు, ఆడవాళ్లు రెండోసారి తిరిగి చూసే మొహం. చిప్‌లు సప్లై చేసే కంపెనీలో సేల్స్ మేనేజర్ వేషంతో ముఠాలో చొరబడిన మన మనిషి.

మర్నాడు పొద్దున్న ఇద్దరూ కొల్లేటి చెరువుగట్టు మీదున్న గదికి చేరారు. శ్రీనాథ్ సెలవుల్లో పనిచేసుకున్న గది అది. మబ్బు పట్టింది. చేపలకు ఊపిరాడక పైకి తేలిపోకుండా చెరువులో ఏరియేటర్లు రెక్కలతో నీళ్లు చిమ్ముతున్నాయి.

వీరదుర్గ బోర్డుకు పవర్ ఇచ్చి, ఇన్‌పుట్‌కు సిగ్నల్ బదులు చిన్న బ్యాటరీ తగిలించింది. చిప్‌ల మీద పేర్లు చదివింది. శ్రీనాథ్ ఎంచుకున్నవే.

"చూశావుగా, సరుకు సరైనదే. పోదాం పద," అన్నాడు శ్రీహర్ష.

"ఈ చిప్ తూము లాంటిది శ్రీహర్షా. సిగ్నల్ వదలమంటే వదలాలి, ఆపమంటే ఆపాలి. కరెంటు ఉన్నప్పుడు ఏ తూమైనా మాట వింటుంది. కరెంటు పోయాక కూడా మూసుకునే ఉండేదాన్ని వెతికి పెట్టాడు శ్రీనాథ్. మామూలు చిప్ అయితే అప్పుడు కారిపోతుంది. ఆ కాస్త కారినా చాలు, సొంత బ్యాటరీ ఉన్న ఫైరింగ్ సర్క్యూట్ నిద్ర లేస్తుంది."

మాట పూర్తయిందో లేదో కరెంటు పోయింది. ఏరియేటర్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. చెరువంతా నిశ్శబ్దం.

బోర్డు మీద పచ్చలైటు మాత్రం ఆరలేదు. నీరసంగా వెలుగుతూనే ఉంది.

ఇన్‌పుట్ బ్యాటరీ కరెంటు చిప్‌లోంచి కారి బోర్డునంతా బతికిస్తోంది. వీరదుర్గ దూదికి ఎసిటోన్ అద్ది చిప్ నెత్తిన రుద్దింది. పేరు ఊడొచ్చింది. కింద చెరిపేసిన ఇంకో పేరు, చవక రకానిది.

"శ్రీనాథ్ కూడా సరిగ్గా ఇలాగే వంగి చూశాడు," అన్నాడు వెనక నుంచి శ్రీహర్ష. అతని చేతిలో సైలెన్సర్ బిగించిన పిస్టల్ ఉంది.

"నువ్వు ఎవరి మనిషివి?"

"రెండు వైపులా నన్ను నమ్మారు. అది నా తప్పా? పదకొండింటికి గూడెంలో కరెంటు తీసేస్తారు మావాళ్లు. షెడ్డు లేచిపోతుంది. యాక్సిడెంట్ అని రాసుకుంటారు. మార్కో, బులెట్ వద్దు. ఈవిడ కూడా ప్రేమలో ఓడిపోయిందని పాపాయమ్మకు చెప్పాలి. మొదటి కథ చెప్పిందీ నేనే."

తలుపు చాటు నుంచి తాటిచెట్టంత విదేశీయుడొకడు వచ్చి వీరదుర్గ జుట్టు పట్టాడు. ఆవిడ మోచేత్తో వాడి ముక్కు పగలగొట్టింది. వాడు రక్తం ఉమ్మి, ఆవిడ తలను గోడకేసి కొట్టాడు. గట్టు మీదుగా ఈడ్చుకెళ్లి నడుంలోతు నీళ్లలోకి దిగి, ఏరియేటర్ పక్కన మెడ పట్టి ముంచాడు. నీళ్లు ముక్కులోకి, గొంతులోకి పోయాయి. శ్రీనాథ్ చివరిగా తాగిన నీళ్లు ఇవే.

వాడికి తెలియనిది ఆవిడకు తెలుసు. కరెంటు పోతే కొల్లేట్లో ఎవరూ చేతులు ముడుచుకు కూర్చోరు. నిమిషం ఆలస్యమైతే చేపలు చస్తాయి. గట్టు చివర కాపలామనిషి ఇప్పటికే జనరేటర్ దగ్గరకు పరిగెత్తి ఉంటాడు.

ఆవిడ పెనుగులాడటం మానేసింది. చచ్చిందనుకుని వాడు పట్టు సడలించాడు. ఆవిడ వాడి చేతిని రెండు చేతులా లాగి ఏరియేటర్ రెక్కల మధ్యకు తోసి, మోకాలితో అదిమిపట్టింది. దూరాన జనరేటర్ దడదడమంది.

రెక్కలు తిరిగాయి. ఎముక పటపటమంది. వాడు అరిచిన అరుపుకు కొంగలన్నీ ఒక్కసారి లేచాయి. మూడో చుట్టులో వాడి తల కూడా రెక్కల కిందికి పోయింది. నీళ్లు ఎర్రగా చిమ్మాయి.

శ్రీహర్ష గట్టు మీద నుంచి కాల్చాడు. ఒక గుండు ఆవిడ భుజాన్ని చీల్చుకుపోయింది. ఆవిడ మునిగి, గట్టు వారగా లేచి, వాడి చీలమండ పట్టి లాగింది. ఇద్దరూ బురదలో దొర్లారు. వాడి బొటనవేలు ఆవిడ గాయంలోకి దిగింది. ఆవిడ కేకవేస్తూనే నడుముకున్న మల్టీమీటర్ ప్రోబ్ లాగింది. సూదిలాంటి దాని మొన వాడి గొంతులో పిడిదాకా దిగింది. ఖరీదైన సెంటు మీద నెత్తురు వాసన గెలిచింది.

టైము చూసింది. పదకొండుకు రెండు నిమిషాలు. ఆవిడ ఫోన్ చెరువులో పోయింది. శవం వేలు చొక్కాకు తుడిచి శ్రీహర్ష ఫోన్ తెరిచి, షెడ్డులో ఉన్న వినయ్ నంబరు నొక్కింది.

"ఎవరండీ?" అన్నాడు అవతల వినయ్. వెనక ఎవరో అంకెలు లెక్కపెడుతున్నారు.

"కొంగ లేచింది. ఫైరింగ్ బ్యాటరీ కేబుల్ పీకెయ్!"

"ఇప్పుడాండీ? కౌంట్‌డౌన్..."

"పీకరా!"

ఏదో తెగిన చప్పుడు. లెక్క ఆగింది. ఆ వెంటనే గుసగుసలు.

"మేడమ్... కరెంటు పోయిందండీ."

"ఇంకేమైంది?"

"ఏం కాలేదండీ. చీకటిగా ఉంది, అంతే. ఆయ్."

వీరదుర్గ బురదలో వెల్లకిలా పడుకుని పెద్దగా నవ్వింది. నవ్వులో రక్తం పడింది.

భుజం కట్టు విప్పకముందే పద్మనాభం కొట్లో స్పీకర్‌ఫోన్ మీటింగ్ పెట్టారు. కొత్త బోర్డుకు ఏ చిప్ కొనాలన్నది చర్చ. అవతల కొనుగోళ్ల కమిటీ పెద్ద శివరామయ్య, ఇంకో ఇద్దరు.

"శ్రీనాథ్ ఎంచుకున్నదీ, ఆ చవకదీ, రెండింటి డేటాషీట్లూ చూశామమ్మా," అన్నాడు శివరామయ్య. "కరెంటు ఉన్నంతసేపూ రెండూ ఒకేలా పనిచేస్తున్నాయి. ఏదో ఒకసారి జరిగిందని ప్రతిసారీ జరగదు కదా? అసలు కంపెనీ నుంచే ఆ చవక రకం తెప్పించుకుంటే పోలా?"

పద్మనాభం తూకం ఆపి వీరదుర్గ వైపు చూశాడు.

"తెప్పించండి సార్. టెస్ట్ రోజున మీ ముగ్గురూ వచ్చి ఇగ్నైటర్ పక్కన కూర్చోండి."

లైను తెగలేదు. అవతల శివరామయ్య పక్కవాళ్లతో, "శ్రీనాథ్ ఎంచుకున్న చిప్ పేరే ఆర్డర్లో రాయండి," అనడం వినపడింది.