రాగిగట్టు కోటలో జోహార్

సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులవి. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్లకు తాళాలు పడ్డాయి. బస్సులు డిపోల్లోంచి కదలడం లేదు. బొగ్గు గనులు ఆగిపోవడంతో కరెంటు ఎప్పుడుంటుందో, ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు. మా మామ చీరల దుకాణంలో కూర్చునే నాకు కూడా పని లేకుండా పోయింది. మా అమ్మ రాజేశ్వరమ్మకు మాత్రం కొత్త పని దొరికింది. పొద్దస్తమానం గేటు పట్టుకుని నిలబడడం, మా తమ్ముడు శ్రవణ్‌కుమార్ వస్తాడో రాడో అని రోడ్డు చివరిదాకా చూడడం.

శ్రవణ్ ఉద్యమంలో పీకల్దాకా మునిగి ఉన్నాడు. రాస్తారోకో అంటే ముందు వరుసలో వాడే, నినాదం ఎత్తుకోవాలంటే వాడి గొంతే. అప్పటికే ఒకసారి లాఠీ దెబ్బలు తిని వచ్చాడు. ఆ రోజు మా ఇంటి దగ్గరే, ఎల్బీనగర్ చౌరస్తాలో పెద్ద కార్యక్రమం ఉంది. ముందు రాత్రి అమ్మకు ఏదో కల వచ్చింది. ఏం కల అంటే చెప్పదు. పొద్దున్నే నా చెయ్యి పట్టుకుని ఒకటే మాట అంది.

"ఇయ్యాల ఒక్కదినం వాన్ని ఎటన్న తీస్కపో ఇందూ. పొద్దుగూకేటాల్లకు మళ్ళ తెచ్చి నా ముంగట నిలబెట్టు."

నాకు మా పై వాటాలో కిరాయికి ఉండే పట్టాభిగారు గుర్తొచ్చారు. ఏలూరు వైపు మనిషి, ఉద్యోగ పరీక్షలు రాసే పిల్లలకు చరిత్ర చెప్తారు. ఖాళీ దొరికితే చాలు, పాత మారుతి కారేసుకుని ఏదో ఒక కోట చూడ్డానికి పోతారు. ఆయనకు కోటల పిచ్చి, మా వాడికి తెలంగాణ పిచ్చి. రోజూ మెట్ల మీద కూర్చుని ఇద్దరూ రాష్ట్రం గురించి పోట్లాడుకునేవాళ్ళు, పోట్లాట అయ్యాక ఒకే పొట్లంలో మిర్చి బజ్జీలు తినేవాళ్ళు. ఆయన చేత అడిగించి, నేను కాసేపు అలిగి, మొత్తానికి వాడిని కారెక్కించాం.

హయత్‌నగర్ దాటకముందే కారు ఆపారు. కర్రలు పట్టుకున్న కుర్రాళ్ళు అద్దంలోంచి తొంగి చూసి జై తెలంగాణ అనమన్నారు. పట్టాభిగారు అన్నారు. అన్నారు గానీ, పెళ్ళిలో పద్యం చదివినట్టు అన్నారు. వాళ్ళు పకపకా నవ్వి వదిలేశారు. ఆయనకు మాత్రం చెమటలు పట్టాయి.

"గట్ల కాదు సార్," అన్నాడు శ్రవణ్. "అందరు గిట్ల నవ్వి ఒదిలిపెట్టరు. నేను 'అమరవీరులకూ' అంట. మీరేం ఆలోచన చెయ్యొద్దు. ఎమ్మటే 'జోహార్' అనాలె."

"సరేనోయ్, చెప్పు. నేర్చుకుంటే పోలా?"

దారి పొడుగునా అదే పాఠం. వీడు ఒక్కొక్క అమరుడి పేరు చెప్పి దీర్ఘం తీయడం, ఆయన స్టీరింగ్ మీద గుద్ది జోహార్ అనడం. చివరికి పేరు వినపడితే చాలు, ఆయన నోట జోహార్ దానంతటదే వచ్చేస్తోంది. నాకు ఒళ్ళు మండింది. చావు మాటలకు దూరంగా తీసుకుపోదామని బయల్దేరితే కారంతా చనిపోయినవాళ్ళ పేర్లే. "ఇగ చాలు, ఆపున్రి," అని కసిరాను.

మేం వెళ్ళిన రాగిగట్టు కొండ మీద రెండు కోటలున్నాయి. పైది రాజులది. కిందది, కొండలో రాగి తవ్వే గనికి కాపలాగా కట్టింది. రాజుల తర్వాత నిజాం కాలంలో ఏదో కంపెనీ వచ్చి కొన్నాళ్ళు తవ్వించి వెళ్ళిపోయిందట. పై కోట చూసినంతసేపూ బాగానే గడిచింది. బురుజు మీద గాలి, చుట్టూ సీతాఫలం పొదలు. శ్రవణ్ ఒక పండు తెంపి నాకిచ్చి నవ్వాడు. వాడు అలా నవ్వి ఎన్నాళ్ళయిందో. నా గుండె కుదుటపడింది.

కింది కోటకు దిగేసరికి మబ్బు పట్టింది. గోడలు ఎంత మందమంటే, లోపలికి అడుగు పెట్టగానే బయటి పిట్టల చప్పుడు ఆగిపోయింది. గబ్బిలాల కంపు. వెనక గోడకు ఒక పొట్టి కమాను ఉంది. ఒకప్పుడు దాన్ని రాళ్ళతో మూసేసినట్టున్నారు, సగం రాళ్ళు ఊడి పడి ఉన్నాయి. ఆ సందులోంచి చల్లటి గాలి మా కాళ్ళకు తగులుతోంది. రాగి చెంబులో రోజుల తరబడి నిలవున్న నీళ్ళ వాసన. ఎక్కడో లోపల నీటి చుక్క పడుతోంది... ఆగి ఆగి.

"ఇదే గని ముఖం," అన్నారు పట్టాభిగారు, గొంతు తగ్గించి. "పైకప్పు కూలిందట. లోపల మనుషులు ఉండగానే కంపెనీ వాళ్ళు రాళ్ళతో మూయించేశారని చెప్తారు. ఎంతమందో, ఎవరో... ఒక్క పేరు కూడా ఎక్కడా దొరకలేదు నాకు."

శ్రవణ్ ముఖం మారిపోయింది. వాడంతే. ఎవరికి అన్యాయం జరిగినా వాడికే జరిగినట్టు ఉంటుంది.

"అయితే వీళ్ళు గూడ అమరులే గద సార్," అన్నాడు.

నేను వద్దనే లోపే కమాను దగ్గరికి పోయి, చేతులు నోటికి అడ్డం పెట్టి అరిచాడు.

"రాగిగట్టు అమరవీరులకూ..."

పట్టాభిగారు నోరు తెరిచారు. ఇంకా మాట రాలేదు.

"జోహార్."

లోపలి నుంచి వచ్చింది.

ప్రతిధ్వని అనుకుందామంటే, ఆ మాట మా ముగ్గురిలో ఎవరమూ అనలేదు. పైగా అది ఒక్క గొంతు కాదు. చాలా గొంతులు. నీరసంగా, దగ్గుతో, ఎడంగా నిలబడి అన్నట్టు.

నీటి చుక్కల చప్పుడు ఆగిపోయింది.

"అక్కా," శ్రవణ్ గుసగుసలాడాడు. "లోపట ఎవరో ఉన్నరే."

"ఎవరు లేరు. నడువ్."

అప్పుడు ఒక గొంతు లేచింది. ఒకే ఒక గొంతు. సభలో నినాదం ఎత్తుకునే మనిషి లాగా, నిదానంగా, సాగదీస్తూ...

"శ్రవణ్‌కుమార్‌కూ..."

ఆగింది. లోపల ఎవరూ పలకలేదు. వాళ్ళు ఎదురు చూస్తున్నారు. మా వైపు నుంచి జవాబు కోసం ఎదురు చూస్తున్నారు.

"జోహార్!" అన్నారు పట్టాభిగారు.

ఆయన చెయ్యి కూడా లేచింది. అన్నాక గానీ ఏమన్నారో ఆయనకు తెలియలేదు. రెండు చేతులతో నోరు మూసుకున్నారు.

"ఎందుకన్నరు సార్..." అన్నాడు శ్రవణ్.

కమాను లోంచి వస్తున్న గాలి ఠక్కున నిలిచిపోయింది. తర్వాత లోపలికి లాగడం మొదలైంది. నా చున్నీ అటు ఎగిరింది. రాళ్ళు ఒకదాని మీద ఒకటి దొర్లాయి. "పరుగెత్తండమ్మా!" అని పట్టాభిగారు అరిచారు. పరుగెత్తాం.

కోట వాకిలి దగ్గర వెనక్కి తిరిగి చూశాను. శ్రవణ్ లేడు.

పిలిచాను. మళ్ళీ పిలిచాను... అంతలో గోడ చాటు నుంచి మోకాళ్ళు దులుపుకుంటూ వచ్చాడు. "జారి పడ్డ అక్కా," అన్నాడు. నేను వాడి చెయ్యి పట్టుకున్నాను. మంచులా చల్లగా ఉంది. అయినా వదల్లేదు. కార్లో కూడా వెనక సీట్లో వాడి పక్కనే కూర్చుని పట్టుకునే ఉన్నాను. మా అమ్మ సొమ్ము అది, అప్పజెప్పేదాకా వదిలేది లేదు అనుకున్నాను.

హయత్‌నగర్ దగ్గర పొద్దుటి కుర్రాళ్ళే ఉన్నారు. అద్దంలోంచి వెనక సీటు చూసి, ఏమీ అడక్కుండా పక్కకు జరిగారు. ఒకడు తలకు కట్టుకున్న రుమాలు విప్పి చేత్తో పట్టుకున్నాడు. ఎందుకో నాకు అర్థం కాలేదు. అర్థం చేసుకోవాలని కూడా అనిపించలేదు.

ఎల్బీనగర్ చేరేసరికి పొద్దుగూకింది. కాలనీ అంతా కరెంటు లేదు. గేటు దగ్గర అమ్మ లేదు. నేను శ్రవణ్‌ను లాక్కుంటూ పోయి తలుపు కొట్టాను. కారుకు తాళం వేసి పట్టాభిగారు మా వెనకే వచ్చి నిలబడ్డారు.

అమ్మ కొవ్వొత్తి పట్టుకుని తలుపు తీసింది. ఎన్నాళ్ళకో ఆమె ముఖం తేటగా ఉంది. వేలు పెదాల మీద పెట్టుకుంది.

"మెల్లగ బిడ్డా. ఇప్పుడే కన్నంటుకున్నది వానికి."

"ఎవరికమ్మా?"

"ఎవరికేంది? తమ్మునికి. పొద్దుండంగనే ఒచ్చిండు. ఆకలైతుందని ఇంత తిని పండుకున్నడు. నా పాణం నిమ్మళమైంది పో."

నా చేతిలో శ్రవణ్ వేళ్ళు బిగుసుకున్నాయి.

"అమ్మా," అన్నాడు వాడు. "నేనమ్మా."

అమ్మ కొవ్వొత్తి పైకెత్తి, నా భుజం మీదుగా వాడిని చూసింది. తేరిపార చూసింది. తర్వాత కొంగు సర్దుకుంది, పరాయివాళ్ళ ముందు సర్దుకున్నట్టు.

"గీ పిలగాడెవరు ఇందూ? సార్ దగ్గర చదువుతడా?" అంది. మళ్ళీ వాడి ముఖం చూసి, జాలిగా నాలుక చప్పరించింది. "ఏ తల్లి కన్నదో, పాపం."

లోపలి గదిలో మంచం కిర్రుమంది.

"అక్కా..." మా తమ్ముడి గొంతు, నిద్రమత్తుగా. "గా చెయ్యి ఇడిశిపెట్టి లోపటికి రా. తలుపెయ్యి."