తడబడే చేతులు

నూకరత్నం ఇనుప కడ్డీని లేత్ మిషనులో బిగించి, చేతిపొరను మణికట్టు దాకా లాక్కుంది. పల్చటి ఆ పొర ఆమె వేళ్ల ఒత్తిడినీ, తడబాటునీ, దిద్దుబాటునీ గ్రహించి గోడ అవతలికి పంపుతోంది. ఆమె పిడి తిప్పినప్పుడల్లా అవతల వరసగా ఉన్న యంత్రబాహువులన్నీ ఒక్కసారే కదులుతున్నాయి.

పని నేర్చుకునే చోటు కోసం ఆమె గాజువాకలో ఎక్కని వర్క్‌షాపు గడప లేదు. అందరూ అనుభవం ఉందా అనే అడిగారు. చివరికి ఈ అభ్యాసశాల ఒక్కటే పని రానివాళ్లను రమ్మంది. ఎందుకో చేరాక తెలిసింది. నిపుణుల చేతి కదలికలను పొరలతో ఎప్పుడో పట్టేశారు. తప్పు చేసి దిద్దుకోవడం మాత్రం బాహువులకు వాళ్ల దగ్గర దొరకలేదు. దానికి కొత్త చేతులు కావాలి. తడబాటు పోయిన రోజున పొర నల్లబడుతుంది, అభ్యాసం పూర్తయిందని మనిషిని పంపేస్తారు. అప్పటికి ఆ పని బాహువులదైపోతుంది. పక్క మిషను మీది పార్వతమ్మ అలాగే వెళ్లిపోయి, ఇప్పుడు రేవులో చేపల బుట్టలు కడుగుతోంది.

ఆ రోజు పని కడ్డీకి మరలు కోయడం. మొదటి కడ్డీ పాడైంది. రెండోదాని మీద ఉలి ఇనుములోకి దిగుతున్న తీరు ఆమె అరచేతికి తెలిసింది. మిషను చప్పుడు సమంగా మారింది. పొర అంచున నలుపు మొదలైంది.

నేర్పే మేష్టారు అప్పలనరసయ్య అది చూసి మిషను ఆపేశాడు.

"ఇంకొక్క కోతకి నీ సెయ్యి కుదిరిపోద్దమ్మా. కావాలనే పాడుసెయ్యి. ఇంకొన్నాళ్లు ఉంటావు," అన్నాడు గొంతు తగ్గించి.

ఇల్లు ఆమె జీతం మీదే నడుస్తోంది. ఆమె కడ్డీ మీద కోసిన మరలను వేలితో తడిమింది.

"నేర్సుకున్నది పాడుసెయ్యడానికి సెయ్యి రావట్లేదు మేష్టారూ."

పొరను ఒలిచి బల్ల మీద పడేసి, వట్టి చేతులతో మిషను నడిపింది. పొర లేని పనికి గుర్తింపు ఉండదనీ, చోటు రద్దవుతుందనీ పైకప్పులోని స్పీకరు హెచ్చరించింది. అవతల బాహువులు ఎత్తినవి ఎత్తినట్టే ఆగిపోయాయి. ఆమె మాత్రం ఆగలేదు. కోత పూర్తయ్యాక కడ్డీ తీసి మేష్టారి చేతిలో పెట్టింది. ఆయన దానికి నట్టు ఎక్కించాడు. అది ఎక్కడా పట్టకుండా చివరిదాకా తిరుగుతూ వెళ్లింది.

ఇలాంటప్పుడు ఫిర్యాదు మీట నొక్కడం ఆయన విధి. ఆయన మీట వైపు వెళ్లలేదు.

"పొరలు తీసేసి ఇటు రండి. నూకరత్నం ఎలా కోసిందో మీకు సూపిత్తాది," అన్నాడు మిగతా మిషన్ల మీదివాళ్లందరూ వినేలా.

ఇద్దరు ముగ్గురు పైకప్పు వైపు చూశారు. తర్వాత వరస చివరి మిషను మీది సన్యాసమ్మ పొర ఒలుచుకుంటూ వచ్చింది. బాహువులు ఆగిపోవడంతో బయలుదేరిన కాపలావాళ్ల బూట్ల చప్పుడు బయట మెట్ల మీద దగ్గరపడుతోంది. నూకరత్నం కొత్త కడ్డీ బిగించి, సన్యాసమ్మ చేతిని తీసి పిడి మీద పెట్టింది.