ఆల్‌బ్రెష్ట్‌కిచ్చిన మాట

ముప్ఫై ఏళ్లుగా శవాలను కోసి కోసి కాన్‌రాడ్ వైడ్‌లిష్ విసిగిపోయాడు. జాలే నది ఒడ్డున ఆ చిన్న పట్టణంలో ఆసుపత్రి నేలమాళిగే ఆయన రాజ్యం. మనుషులు దేనివల్ల పోయారో కోసి చూసి చెప్పే విద్య ఆ ఊళ్లో ఆయనతోనే మొదలైంది. తోళ్లు శుద్ధిచేసేవాడి కొడుకు ప్రొఫెసరయ్యాడు. ఎక్కడెక్కడి కుర్రాళ్లో వచ్చి ఆయన పాఠం విన్నారు. వాళ్లందరికీ కంఠతా వచ్చిన సంగతి ఒకటుంది. బతికున్నవాడికి తగిలిన గాయం అంచుల్లో నెత్తురు ఇంకి గడ్డకడుతుంది, చచ్చినవాణ్ణి ఎంత పొడిచినా అలా జరగదు. ఆ మాట నమ్మి న్యాయాధికారులు కొందరిని ఉరితీశారు, కొందరిని వదిలేశారు. ఇంత పేరూ వచ్చాక ఆయనకు మిగిలింది నడుంనొప్పి, ఎంత కడిగినా చేతుల్ని వదలని వాసన.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం ఆల్‌బ్రెష్ట్ టీమే ఇంటి నుంచి కబురొచ్చింది. ఆ పొద్దున్నే ఆల్‌బ్రెష్ట్ పోయాడు. చదువుకునే రోజుల నుంచీ ఇద్దరిదీ ఒకే కంచం, ఒకే మంచం. అతనూ వైద్యుడే. అయినా ఊళ్లో చాలామందికిలాగే అతనికీ ఒక భయం ఉండేది, ప్రాణం ఉండగానే పూడ్చేస్తారేమోనని. తాము పోయాక గుండెలో కత్తి దించమని తెలిసిన వైద్యుడి దగ్గర ముందే మాట తీసుకోవడం అక్కడి పెద్దమనుషులకు అలవాటు.

"ఒరేయ్, నీ చేతిమీద తప్ప నాకెవడి చేతిమీదా నమ్మకం లేదు," అనేవాడు ఆల్‌బ్రెష్ట్. "పెట్టె మూసేలోపు పొడిచెయ్యి. మట్టి కింద మేలుకోవడం నావల్ల కాదు."

"సరేలేరా, ఇప్పుడే పొడవమంటావా?" అని నవ్వేవాడు కాన్‌రాడ్. నవ్వినా, మాట ఇచ్చాడు.

ఆల్‌బ్రెష్ట్ భార్య ఓటీలియే తలుపు తీసింది. ఏడ్చి ఏడ్చి ఆమె ముఖం ఉబ్బిపోయింది.

"పైన ఉన్నాడు. నేను చూడలేను కాన్‌రాడ్. నువ్వే వెళ్లి ఆ పనేదో కానిచ్చెయ్యి."

"నువ్వెళ్లి కాసేపు నడుం వాల్చు వదినా. నేను చూసుకుంటా."

పైగదిలో అద్దానికి నల్లగుడ్డ కప్పారు. ప్రాణం బయటికి పోవడానికి కిటికీ ఓరగా తెరిచిపెట్టారు. మైనం వాసనా మందుల వాసనా కలిసి గదంతా పట్టేసింది. కాన్‌రాడ్ బొంత తొలగించి, చొక్కా గుండీలు విప్పి, స్నేహితుడి రొమ్ము మీద చెయ్యి వేశాడు. కాస్త వెచ్చగా తగిలింది. మూలన గదిని వెచ్చబెట్టే పొయ్యి ఇంకా పూర్తిగా ఆరలేదు. దాని వేడే అనుకున్నాడు.

వంగి చెవి ఆనించి వినాలి. ఏ కుర్రాడైనా అలా వినకపోతే ఆయనే చీవాట్లు పెట్టేవాడు. కానీ ఆ పూట ఆయనకు వంగే ఓపిక లేదు. వేలమందిని కోసిన చెయ్యి ఆ ఒక్క రొమ్ము దగ్గర మొరాయించింది. చచ్చినవాణ్ణి మళ్లీ చంపడమెందుకని తనకు తాను సర్దిచెప్పుకుని, కత్తిపెట్టె తెరవకుండానే గుండీలు పెట్టేసి కిందికి దిగాడు.

"అయిందా?"

"అయింది వదినా."

ఆమె ఆయన చేతులు రెండూ పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఆమె ఇచ్చిన కాఫీ ముట్టకుండానే సిగ్గుతో బయటపడ్డాడు.

ఇంటికొచ్చి కోటైనా విప్పకుండా కుర్చీలో వాలిపోయాడు. సాయంత్రం చర్చి గంటలకు మెలకువ వచ్చేసరికి బయట మసక చీకటి. తెల్లారితే పెట్టె మూసేస్తారు. ఆ వెచ్చదనం పొయ్యిదేనా? ఆ అనుమానం రాగానే కుర్చీలోంచి లేచాడు. కత్తిపెట్టె చంకన పెట్టుకుని, మంచులో కాళ్లు జారుతున్నా ఆగకుండా నడిచాడు. ఆలస్యంగానైనా మాట నిలబెట్టుకుందామని ఆయన ఆశ.

వెనకతలుపు తీసే ఉంది. వంటింట్లో ఎవరూ లేరు. చప్పుడు చేయకుండా మెట్లెక్కాడు.

గదిలో పొయ్యి చల్లారిపోయింది. తలాపున ఒకే కొవ్వొత్తి. మైనం వాసనలో ఇంకేదో వాసన కలిసింది... ముప్ఫై ఏళ్లుగా ముక్కుకు అలవాటైన వాసన.

బొంత తీశాడు.

చొక్కా మీద మరక. నల్లగా... అరచెయ్యంత.

గుండీలు విప్పాడు. ఎడమ రొమ్ము కింద, పక్కటెముకల మధ్య, సన్నటి గాటు. చెయ్యి తిరిగినవాడి పని. కొవ్వొత్తి దగ్గరికి తెచ్చాడు. చూడకూడదనుకుంటూనే చూశాడు. అంచులు ఉబ్బాయి. నెత్తురు ఇంకింది... గడ్డకట్టింది.

తను గుండీలు పెట్టి వెళ్లిపోయేటప్పటికి ఆల్‌బ్రెష్ట్ బతికే ఉన్నాడు. ఆ తర్వాత కూడా ఉన్నాడు. ఎవరో పొడిచేదాకా.

"కాన్‌రాడ్?"

గుమ్మంలో శాలువా కప్పుకుని ఓటీలియే నిలబడి ఉంది.

"ఇంకా ఇక్కడే ఉన్నావా? ఎప్పుడో వెళ్లిపోయావనుకున్నా."

"ఇప్పుడే వచ్చా వదినా." బొంత లాగి గాటు కప్పేశాడు. "మధ్యాహ్నం నేను వెళ్లాక... పైకి ఎవరొచ్చారు?"

"నువ్వే వచ్చావు కదా మళ్లీ. నేను కింద పడుకునే ఉన్నా. మాటలు వినిపిస్తే ఎవర్నో తోడు తెచ్చుకున్నావనుకున్నా."

"ఏం మాటలు?"

"సరిగ్గా వినపడలేదు. ఒకాయనేమో పీలగా, ఆగరా, ఆగరా అంటున్నాడు."

కాన్‌రాడ్ మంచంపట్టె పట్టుకున్నాడు. "రెండోవాడు?"

ఆమె ఆయన్ని వింతగా చూసింది.

"అదేంటి కాన్‌రాడ్... నీ గొంతు నాకు తెలీదా? బాగా అలిసిపోయానురా, కదలకు, అన్నావు."