ఎవరిని పంపుతావు?

సాయంత్రం ఆరున్నర. మధ్యాహ్నం సన్నగా మొదలైన వాన మదనపల్లెను పట్టుకుని వదలడం లేదు.

ప్రభావతి డ్యూటీ నుంచి వచ్చి, తడిసిన గొడుగు వరండాలో తెరిచి పెట్టి, చలికి స్వెట్టర్ తొడుక్కుని, టీకి నీళ్ళు పెట్టింది. ఒళ్ళంతా చిరాకుగా ఉంది. మిషన్ ఆస్పత్రిలో నర్సులకు డ్యూటీలు వేసేది ఆమే. ఎవరిని ఏ వార్డుకు వేసినా ఇంకొకరి మొహం మాడిపోతుంది. పొద్దుటినుంచీ అదే గోల. ఇంటికొస్తే కూతురు క్యాథరిన్, పొద్దున ఈమె వెళ్ళేటప్పుడు ఎట్లా కూర్చుని ఉందో అట్లాగే, ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఉంది.

ఇంజినీరింగ్ అయిపోయి ఉద్యోగం పిలుపు కోసం ఎదురుచూస్తున్న పిల్ల. గట్టిగా అంటే ఏడుస్తుంది. అనకపోతే ఈమెకు ఏడుపొస్తుంది.

ఏం ఆట అది అని అడిగితే సంబరంగా చెప్పుకొచ్చింది. ఇదంతా ఒక సూపర్ హీరోల జట్టంట. ఆడేవాళ్ళు మాత్రం హీరోలు కాదంట. కుర్చీలో కూర్చుని, ఆపదలో ఉన్నవాళ్ళు ఫోను చేసినప్పుడల్లా, ఎవరిని పంపాలో చెప్పడమే పని. సరిపడని మనిషిని పంపితే పని చెడిపోతుంది. సరైన మనిషిని పంపినా వాళ్ళకు దెబ్బలు తగులుతాయి, మిగతావాళ్ళు అలుగుతారు. కథ దాన్నిబట్టి నడుస్తుంది. ఒకసారి నొక్కింది మళ్ళీ మార్చుకోవడానికి లేదు.

"దీనికి ఆట యాల పాపా? నేను రోజూ చేసేది ఇదే కదా. ఆస్పత్రికి రా, జీతం గూడా ఇస్తారు" అంది ప్రభావతి.

హీరోలకు క్యాథరిన్ ఇంట్లోవాళ్ళ పేర్లు పెట్టుకుంది. కదలమంటే కదలని రాతిమనిషికి నాన్న పేరు, కరుణాకర్. గాలిలా పరిగెత్తి, చెప్పిన మాట వినని కుర్రాడికి అన్న పేరు, శరత్. మూలన నల్ల శాలువా కప్పుకుని, భుజానికి కట్టుతో ఒక ఆడమనిషి. ఆమె కింద ప్రభ అని ఉంది.

"నిన్ను రెస్టులో పెట్టినాలే మా. పోయినసారి దెబ్బ తగిలింది నీకు. ఇంకోసారి పంపితే తిరిగి రావు."

"ఆటలోనైనా రెస్టు ఇచ్చినావు. సంతోషం."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ సాయంత్రానికి అదే ఆఖరి నవ్వు.

కరుణాకర్ పుంగనూరులో స్కూలు మాస్టరు. రోజూ బస్సులో పోయి వస్తాడు. వానకు బస్సులు ఆగిపోయాయని, కుప్పం నుంచి బైకు మీద వస్తున్న కొడుకు తనను ఎక్కించుకుంటాడని చీకటి పడకముందే ఫోను చేశాడు. తర్వాత శరత్ నుంచి, బయల్దేరినాం అని ఒక మెసేజి. అంతే. ఆమె ఫోను చేస్తూనే ఉంది, చేసేవాళ్ళ గోడు పట్టని గొంతు ఒకటి, అందుబాటులో లేరు, అందుబాటులో లేరు అని చెబుతూనే ఉంది. వానలో ఆ బండి యాల? రాత్రికి అక్కడే ఎవరింట్లోనైనా ఉండొచ్చు కదా? ఎవరికి చెప్పినా ఎవరు వింటారు?

కరెంటు పోయింది.

హాలు మూలన టప్‌మని నీటి చుక్క పడింది. మిద్దె మీద నీళ్ళు పోయే గొట్టానికి ఆకులు అడ్డం పడి ఉంటాయి. అవి తీసేసి రావడానికి క్యాథరిన్ ఫోను లైటు వేసుకుని లేచింది.

"మా, ఆటలో ఫోనొస్తే ఏదో ఒకటి నొక్కు. ఊరికే వదలొద్దు. వదిలితే అదే ఎవర్నో ఒకర్ని పంపేస్తాది."

"ఆపేసి పో."

"మధ్యలో ఆగదు మా, ఈడ."

మెట్లమీద దాని అడుగుల చప్పుడు పైకి పోయి వానలో కలిసిపోయింది.

ప్రభావతి చీకట్లో కూర్చుంది. ఎదురుగా తెర ఒక్కటే నీలంగా వెలుగుతోంది. తడి గోడల వాసన. దానితో పాటు ఇంకో వాసన, కొత్తనీటితో కొట్టుకొచ్చిన ఒండ్రుమట్టి వాసన. ఇల్లు మెరక మీద ఉంది. చుట్టుపక్కల వాగు లేదు. ఎక్కడినుంచి వస్తోందో...

తెర మీద ఫోను మోగింది.

ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటిగా పడుతున్నాయి. ఆమె కూడబలుక్కుని చదివింది. రోడ్డు మీదికి నీళ్ళొచ్చాయి. కల్వర్టు తెగిపోయింది. బండి మీద ఇద్దరు వస్తున్నారు. వాళ్ళకు తెలియదు. ఎవరిని పంపుతావు?

అంతవరకూ ఆ ఆటలో అన్నీ అద్దాల మేడలే. ఇప్పుడు తెరమీద ఉన్నది చీకటి రోడ్డు. వాన. పల్లంలోకి దిగే మలుపు.

కింద మూడు మొహాలు. వాటి కింద తరిగిపోతున్న ఎర్రటి గీత.

"కేటీ" అని కూతుర్ని పిలిచింది. వాన ఆ పిలుపును మింగేసింది. ఆపడానికి ఏది నొక్కాలో తెలియక చేతికందిందల్లా నొక్కింది. ఆగలేదు. కోపం తన్నుకొచ్చింది. అన్నిచోట్లా నేనేనా చెప్పాల్సింది? ఒక్క పూటైనా ఇంకెవరూ చెప్పకూడదా? ల్యాప్‌టాప్ మూసేయబోయింది. వదిలితే అదే ఎవర్నో ఒకర్ని పంపేస్తాది...

కరుణాకర్. వేలు పోలేదు.

శరత్. పోలేదు.

గీత కొనకు వచ్చింది.

ప్రభ మొహం మీద నొక్కింది.

నొక్కాక గుర్తొచ్చింది. ఆ ఇంట్లో సాయంత్రం ప్రార్థనలో దారిలో ఉన్నవాళ్ళను పేరుపేరునా ప్రభువుకు అప్పగిస్తారు. ఇంట్లో కూర్చున్నవాళ్ళ పేరు మాత్రం వాళ్ళతో కలపరు. ఇంట్లో ఉండే మనిషిని దారిన పెట్టొద్దమ్మా అని కాపురానికొచ్చిన కొత్తల్లోనే అత్తగారు చెప్పింది. ఇన్నేళ్ళలో ఆమె ఒక్కసారి కూడా ఆ తప్పు చేయలేదు.

తెరమీది ఆడమనిషి లేచింది. భుజానికి కట్టు లేదు. శాలువా లేదు. వెనక్కి తిరిగి, తెర లోపలినుంచి ప్రభావతిని చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత వానలోకి నడిచింది.

ల్యాప్‌టాప్‌లోంచి వాన చప్పుడు. బయట వాన చప్పుడు. ఏది ఏదో తెలియలేదు. ఆ చప్పుడు మధ్యలో ఎవరో రొప్పుతున్నారు...

ఆ ఆటలో అందరూ మాట్లాడేది ఇంగ్లీషు. ఈ గొంతు ఇంగ్లీషులో మాట్లాడలేదు.

"చలి... శానా చలిగా ఉండాది..."

అది ప్రభావతి గొంతే.

తెర ఆరిపోయింది.

క్యాథరిన్ దిగి వచ్చేసరికి తల్లి గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఏమైంది మా అంటే చార్జింగ్ అయిపోయింది అని మాత్రం చెప్పింది. పిల్ల కొవ్వొత్తి వెలిగించింది. ఇద్దరూ దాని ముందు కూర్చున్నారు. ప్రార్థన చేద్దామా అని పిల్ల అడిగింది. ప్రభావతి తల అడ్డంగా ఊపింది.

ఎప్పటికో బైకు శబ్దం వినబడింది.

తండ్రీకొడుకులిద్దరూ నీళ్ళు కారుతూ లోపలికి వచ్చారు. ఆమెకు ప్రాణం లేచొచ్చింది. తువ్వాలు తీసుకుని ఎదురుపోయింది. శరత్ తువ్వాలు అందుకోలేదు. కోపంగా ఉన్నాడు.

"యాలమ్మా అట్ల చేసినావు? బండెక్కమని నాన్న ఎంత బతిమాలినాడు?"

పుంగనూరు దాటాక రోడ్డు పల్లంలోకి దిగే చోట, దారికి అడ్డంగా చేతులు చాపి ఆమె నిలబడి ఉందంట. తప్పుకోమంటే తప్పుకోలేదంట. బండి ఆపి లైటు వేసి చూస్తే, ఆమె వెనక నాలుగడుగుల్లో రోడ్డు లేదు. ఎర్రటి నీళ్ళు సుళ్ళు తిరుగుతున్నాయి. ఇంకో ఊరి మీదుగా చుట్టు తిరిగి వచ్చారు. ఎక్కమంటే మాత్రం ఆమె ఎక్కలేదు.

కరుణాకర్ కొవ్వొత్తి వెలుగులో భార్య పొడి జుట్టును, పొడి చీరను చూస్తూ నిలబడ్డాడు.

"నేను ఇల్లు కదల్లేదు" అంది ప్రభావతి.

"మరి ఇదెవరిది?" అన్నాడు శరత్. "వణకతాండావు నాయనా అని నువ్వే కదా తొడిగినావు?"

వాడి ఒంటిమీద తడిసి ముద్దయిన స్వెట్టర్. ముదురు నీలం. మోచేతి దగ్గర చిరిగితే, ఆ రంగు దారం దొరక్క, ప్రభావతి తెల్లదారంతో కుట్టుకున్న చోటు కూడా ఉంది.

ఆమె తన మోచెయ్యి తడుముకుంది. ముదురు నీలం స్వెట్టర్ ఆమె ఒంటిమీదే ఉంది. వేలికింద తెల్లదారం కుట్టు గరుగ్గా తగిలింది.

కరుణాకర్ అప్పుడు నోరు తెరిచాడు. గుసగుసలాగా వచ్చింది మాట.

"ఏమన్నావో తెలుసునా ప్రభా? మీరు పోండి, నేను నడిచి వచ్చేస్తా అన్నావు."

క్యాథరిన్ పోయి తలుపు గడియ వేసింది. రెండో గడియ కూడా వేసింది.

ప్రభావతి నలుగురికీ అన్నం వడ్డించి, తాను తినకుండా కూర్చుంది. వాన తగ్గింది. ఒండ్రు వాసన తగ్గలేదు. చీరచెంగు చాటున వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టుకుంది.

కరుణాకర్ వచ్చినాడు. శరత్ వచ్చినాడు. క్యాథరిన్ ఇంట్లోనే ఉండాది.

నేను...

నాలుగో వేలు మడవలేక, మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టింది.