కుట్టేసిన చివరి పేజీలు

పొద్దున్నే కుట్టుమిషన్ ముందు కూర్చునేసరికి చిన్న కత్తెర కనిపించలేదు. నల్లదారం రీలు కూడా లేదు. నలభై ఏళ్లుగా ఆ ముందుగదిలో బట్టలు కుడుతున్న మనిషి ఆవిడ. ఆవిడ కత్తెర మీద ఈగ వాలాలన్నా జంకుతుంది. అలాంటిది, వారంలో ఇది మూడోసారి.

“ఏమండీ, నా కత్తెర చూశారా?”

“నాకెందుకే నీ కత్తెర?” మూసిన తలుపు వెనకనుంచి మాస్టారి గొంతు. ఆ వెంటనే గడియ పడిన చప్పుడు.

ఆ ఇంట్లో పగటిపూట గడియలు వేసుకునే అలవాటు ఎప్పుడూ లేదు. ఆవిడ మనసు కీడు శంకించింది.

మాస్టారు క్షవరానికి వెళ్లగానే ఆ గదిలోకి వెళ్లింది. బల్ల మీద వ్యాకరణ పుస్తకం, పక్కనే తన కత్తెర, నల్లదారం రీలు. అట్ట తీసి చూస్తే లోపల వ్యాకరణం లేదు. ‘కెప్టెన్ కరవాలం’ డిటెక్టివ్ నవలల సిరీస్‌లో పన్నెండో పుస్తకం, ‘నల్ల ఓడలో నలుగురు’ ఉంది. ఆవిడకి నవ్వాగలేదు. మాస్టారు ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ బళ్లో పిల్లల దగ్గర ఇవే లాక్కుని, “చెత్త చదువుతార్రా!” అని చివాట్లు పెట్టి, ఇంటికొచ్చి తను చదువుకునేవారు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు ఉండేది ఆయన వ్యవహారం.

పెళ్లైన కొత్తలో ఇద్దరూ కలిసే చదివేవారు. ముందే చివరికి దూకి హంతకుడెవరో చూసేసే దురలవాటు ఆయనది. అందుకని ఆవిడ చివరి పది పేజీలనీ దారంతో కుట్టేసేది. ఆయన తన అనుమానం మొదటి పేజీలో పెన్సిల్‌తో రాశాకే కత్తెర చేతికిచ్చేది.

ఇప్పుడు ఆ పేజీలు మళ్లీ కుట్టి ఉన్నాయి, వంకరటింకరగా. అది ఆయన చేతి కుట్టే. ఆవిడ అంచు తడిమి చూసింది. ఒకసారి కుడితే ఒక వరస రంధ్రాలు పడాలి. ఇక్కడ ఐదు వరసలున్నాయి. ఒకటి తన పాత సన్నకుట్టుది. మిగతా నాలుగూ కొత్తవి. గబగబా మొదటి పేజీ తిప్పింది. చెరిగిపోయిన పాత రాత కింద పెన్సిల్‌తో నాలుగు తారీకులు, అన్నీ ఈ నెలవే. మొదటిదాని పక్కన “వంటవాడు”. రెండోదాని పక్కన “వంటవాడు అనుకుంటా”. మూడోదాని పక్కన “ఇంజనీరు”. నిన్నటి తారీకు పక్కన ఏమీ లేదు.

ఆవిడ నవ్వు ఎటుపోయిందో పోయింది.

“ఎన్నాళ్లనుంచి?” ఆయన గుమ్మంలో అడుగుపెట్టగానే పుస్తకం చూపించి అడిగింది.

“నా గదిలోకి ఎవరు వెళ్లమన్నారే నిన్ను?” మాస్టారు గయ్యిమన్నారు. “ఏదో పాత సరదా. ముసలాడు నవల చదివితే ఉరి తీస్తారా?”

“సరదాకైతే చదవండి, ఎవరొద్దన్నారు? ఒక్క పుస్తకాన్ని నాలుగుసార్లు ఎందుకు కుట్టారు?”

మాస్టారు కుర్చీలో మెల్లగా కూలబడ్డారు.

“ఆమధ్య బజారునుంచి వస్తూ మన వీధి మలుపులోనే నిలబడిపోయాను. ఇల్లెటో తెలియలేదే. అందుకే పరీక్ష పెట్టుకున్నా. కంఠతా వచ్చిన పుస్తకం ఇది. హంతకుడెవరో గుర్తున్నంతకాలం నాకేం కాలేదనుకున్నా.”

“నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా?”

“చెబితే నిజమైపోతుందని భయమేసింది.”

ఆవిడకి కోపమూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ముందు కోపాన్నే వాడుకుంది. “రేపు పొద్దున్నే ఆసుపత్రికి వెళ్తున్నాం. వంకలు పెడితే ఊరుకోను.”

ఆయన బుద్ధిగా తలూపారు. వాదించకుండా ఏ మాటకీ ఒప్పుకోని మనిషి ఆయన.

ఆవిడ ఆ వంకర కుట్టు విప్పి, అవే పేజీలను తన చేత్తో మళ్లీ కుట్టింది. పెన్సిల్ తీసుకుని మొదటి పేజీలో “ఇంజనీరు” అని రాసింది.

“నాకూ గుర్తులేదండీ. ఇద్దరం మొదటినుంచి చదువుదాం.”

మాస్టారు ఆవిడ ముఖంలోకి చూశారు. “అబద్ధమాడితే నీ మొహమే చెప్పేస్తుంది. చెరిపెయ్యి.”

“ఎందుకండీ?”

“నిజం రాయవే. ఇద్దర్లో ఒకరికైనా గుర్తుండాలి కదా.”

ఆవిడ చెరిపేసి, “వంటవాడు” అని రాసింది. ఆయనకి కనపడకుండా ఆ పేజీని లోపలికి మడిచి, కళ్లు తుడుచుకుని, పుస్తకం ఆయన చేతికిచ్చింది. కత్తెర మాత్రం తన ఒళ్లోనే ఉంచుకుంది.