సూది మొన కింద ఫిలిప్

శాస్త్రవేత్త ఫిలిప్‌ను కరీంనగర్ బైపాస్ మీద లారీతో గుద్ది చంపారు. పోలీసులు యాక్సిడెంట్ అని రాసుకున్నారు. అతని ల్యాబ్‌లో, సన్నని సూదితో అణువులను తడిమి తెర మీద చూపే టన్నెలింగ్ మైక్రోస్కోప్ మాత్రం, అతను పోయిన సంగతి ఎవరూ చెప్పనట్టు, ఇంకా నడుస్తూనే ఉంది.

"మిషన్ సింపుల్," అన్నాడు చీఫ్ ఫోన్‌లో. "ఫిలిప్ ఆ యంత్రం సూదితో సిలికాన్ మీద ఒక్కో అణువుకూ కరెంటు తగిలించి, రసాయన చర్యతో చుక్కలు పెట్టాడు. ఆ చుక్కల వరుసే మన నౌకాదళం కోడ్. విదేశీ ముఠా ఫొటో తీయకముందే చెరిపెయ్. తోడుగా ముస్కాన్ వస్తుంది."

ఏజెంట్ అతియా ఏసీ మెకానిక్ వేషంలో బయల్దేరింది. ముస్కాన్‌దీ అదే వేషం. కానీ ఆమె ఏ వేషం వేసినా పెళ్లికి వచ్చినట్టే ఉంటుంది.

ల్యాబ్ తలుపు తీసింది స్తుతి. ఫిలిప్ భార్య, ల్యాబ్‌లో అతని అసిస్టెంట్. భర్త పోయినా ఆమె కంట చుక్క నీరు రాలేదని వాడంతా గుసగుస.

"మెల్లగ మాట్లాడుండ్రి. సప్పుడైతే సూది వణుకుతది," అంది స్తుతి. "ఆయనున్నప్పుడు దగ్గొస్తే గూడ బయటికి ఉరికేటోళ్లం. గిప్పటికీ ఈడ గొంతు లేవది. ఎనక నిలబడి సూస్తున్నట్టే ఉంటది."

అతియా వెనక్కి చూసింది. ఖాళీ కుర్చీ.

తానెవరో, ఎందుకొచ్చిందో స్తుతికి చెప్పేసింది. "చెరిపెయ్ చెల్లె."

"గది ఆయన చేతిపని అక్కా. ఆఖరిది."

"ఎవ్వరూ చెరపొద్దు." ముస్కాన్ చేతిలో పిస్టల్. "స్కాన్ పెట్టు. సారీ స్తుతి ఆపా, లారీని పంపింది గూడ నేనే. జర చుప్ ఉండుండ్రి, బొమ్మ చెడ్తది."

స్తుతి బటన్ నొక్కింది. నిశ్శబ్దంలో, తెర మీద వరుస వెంట వరుసగా ఫిలిప్ పెట్టిన చుక్కలు తేలాయి. ఒక్క వరుస మిగిలింది. అది నిండితే, ముస్కాన్ యంత్రానికి తగిలించిన ఫోన్ గుండా ఫొటో దానంతటదే ముఠాకు చేరుతుంది.

స్తుతి ఆ చుక్కలను కళ్లారా చూసుకుంది. తర్వాత యంత్రం కింది గ్రానైట్ బండను రెండు చేతులా బాదుతూ శోకం ఎత్తుకుంది.

"ఓ నా ఫిలిపూ! పొద్దుగాల సద్ది గూడ మర్శిపోతివి గదయ్యో!"

సూది సిలికాన్‌లో దిగబడింది. చుక్కలు చెల్లాచెదురయ్యాయి. ముస్కాన్ తెర వైపు తిరిగిన క్షణంలో అతియా స్పానర్ ఆమె మణికట్టు విరిచింది.

స్తుతి ఊపిరి కోసం ఆగింది. గది నిశ్శబ్దం. తెర మీద సూది కదలికను చూపే గీత మాత్రం, వెనక ఎవరో మెల్లగా ఊపిరి తీస్తున్నట్టు, వణుకుతూనే ఉంది. ముగ్గురిలో ఎవరూ వెనక్కి తిరగలేదు.

స్తుతి మళ్లీ మొదలుపెట్టింది. శోకం పెళ్లిచూపుల దాకా వచ్చేసరికి, తనను త్వరగా జైలుకు తీసుకుపొమ్మని ముస్కానే బతిమాలింది.