గొలుసులింటి వెనక గోడ

పొద్దుగూకాక మా హెత్సెమనీ పేటలో ఆ సందులోకి ఎవరూ కాలు పెట్టరు. తాగి ఒళ్ళు తెలియనివాడు కూడా ఆ మలుపు దగ్గరికి వచ్చేసరికి మత్తు దిగి, చుట్టూ తిరిగి పోతాడు.

ఆ సందు చివర ఉంది గొలుసులిల్లు.

ఓడల్లో మా వాళ్ళని బానిసలుగా తెచ్చి ఈ కార్తహేనా రేవులో అమ్మిన రోజుల్లో, బేరం కుదిరేదాకా కట్టి పడేసింది ఆ ఇంట్లోనేనట. కప్పు ఎప్పుడో కూలింది. నాలుగు గోడలు మిగిలాయి. అందులో వెనక గోడ ఉంది చూశారూ... పగడపు రాళ్ళు, గచ్చు. కోటగోడంత మందం. ఇంటికి అంత మందం గోడ ఎందుకు కట్టారో ఎవరికీ తెలీదు. రాత్రిపూట ఆ గోడకి చెవి పెట్టొద్దని మాత్రం మా అమ్మ చెప్పేది. వాళ్ళమ్మ ఆమెకి చెప్పింది.

మలుపు దగ్గర నాకు తిండి బండి ఉంది. అరెపాలంటారే, ఆ మొక్కజొన్న రొట్టెలు వేయించి అమ్ముతాను. నా పేరు దియోసెలీనా. ఇప్పుడు చెప్పేదాంట్లో సగం ఇసౌరా నోట విన్నది. మిగతా సగం... నా కళ్ళతో చూసింది.

ఇసౌరా మా పేట పిల్లే. ఆర్కిటెక్టు అయింది. ఆ పాడింట్లో నాట్యశాల కడతానని పట్టుబట్టి, నగర పెద్దలని ఒప్పించుకుంది. పాత గోడలు పాత గోడల్లాగే ఉంటాయి. లోపల నాలుగు కాంక్రీటు స్తంభాలు, వాటి మీద గాజు కప్పు. మా పిల్లలు డప్పు కొట్టుకోవడానికి, ఆడుకోవడానికి... మాకంటూ ఒక చోటు.

ముసలాళ్ళు ఊరుకుంటారా? "రాజుల నాటి ఊరికి గాజు టోపీ పెడతావటే?" అన్నారు.

"టోపీ కాదు తాతా, గొడుగు. వానలో కూడా నువ్వు డాన్సు చెయ్యొచ్చు" అనేది నవ్వుతూ.

గీసేది ఇసౌరా, కట్టించేది ఎవరిస్టో. ఇంజనీరు. ఇద్దరూ కాలేజీ రోజుల నుంచీ జంట ఎడ్లలా కలిసి పనిచేశారు. ఆమె కాగితం మీద గీత గీస్తే, అది నిలబడేదాకా వాడు నిద్రపోయేవాడు కాదు. అలాంటి స్నేహం.

స్తంభాలు పోయడం మొదలెట్టాక... చప్పుళ్ళు మొదలయ్యాయి.

దీపాలవేళ దాటితే చాలు. లోపల్నుంచి... దబ్... దబ్... ఎవరో గొడ్డుని బాదినట్టు. ఆ వెంటనే ఎండుకట్టెలు విరిగినట్టు ఫట్‌మని ఒక చప్పుడు. మళ్ళీ నిశ్శబ్దం. మళ్ళీ దబ్.

ఒకరోజు తెల్లవారి చూస్తే, కాపలా ఉండే కాసియానీ తాత ఇసుక కుప్ప మీద బోర్లా పడి ఉన్నాడు. తల వెనక పగిలింది. ఇసుకంతా నల్లగా ముద్దకట్టింది. ప్రాణం పోలేదు గానీ, ఆసుపత్రి మంచం మీద ఒక్కటే మాట — "గోడలోంచి వచ్చింది... గోడలోంచి..."

కూలీలు పార పడేసి పోయారు. పని ఆగితే అనుమతి పోతుంది. అనుమతి పోతే ఆ స్థలం కోసం హోటలువాళ్ళు నోరు తెరుచుకుని కూర్చున్నారు. ఎవరిస్టో మాత్రం, "చీకటి పడ్డాక లోపల పురుగు కూడా ఉండకూడదు" అని గేటుకి తాళం వేయించాడు.

ఒక రాత్రి కరెంటు పోయింది. పేటంతా చీకటి. ఇసౌరా టార్చిలైటు పట్టుకుని నా బండి ముందు నుంచి సందులోకి తిరిగింది.

"ఎక్కడికే?"

"కాసేపు కూర్చుని వస్తా అత్తా. అక్కడేమీ లేదని రేపు కూలీలకి చెప్పాలి కదా."

"ఉంటే?"

"ఉంటే మొదటి ఆటకి టిక్కెట్టిచ్చి వస్తా."

నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఇక్కడి నుంచి ఆమె చెప్పింది.

గేటు తాళం తీసే ఉంది. లోపల నాలుగు స్తంభాలు మనుషుల్లా నిలబడి ఉన్నాయి. ఆమె టార్చి ఆర్పేసింది... ఎందుకంటే, చప్పుడు వినిపించింది.

దబ్.

వెనక గోడకి టార్పాలిన్ వేలాడదీసి ఉంది. దాని అంచున సన్నటి వెలుతురు. ఆమె ఊపిరి బిగబట్టి పక్కకి లాగింది. గోడకి కన్నం. ఒక మనిషి వంగి దూరేంత. వంగి... చూసింది.

గోడ లోపల గది ఉంది.

సన్నగా, పొడుగ్గా, శవపేటికలాంటి గది. నేలంతా ఎముకలు. ఒకరి మీద ఒకరు పడి... కాళ్ళ ఎముకలకి ఇంకా ఇనప కడియాలు. చంకలో పసిబిడ్డ ఎముకలతో ఒక తల్లి. గోడ లోపలివైపు నిండా గీతలు... గోళ్ళతో గీకిన గీతలు. రోగం వచ్చి అమ్ముడుపోని వాళ్ళని ప్రాణాలతోనే పెట్టి గోడ కట్టేశారు.

వాళ్ళ మధ్య లాంతరు పెట్టుకుని, సుత్తి ఎత్తి, ఒక పుర్రె మీద దించుతున్నాడు ఎవరిస్టో.

ఫట్.

పక్కన సగం నిండిన గోనెసంచి.

"నువ్వా!" అంది ఆమె.

వాడు తిరిగాడు. ఒళ్ళంతా తెల్లటి పొడి. "నిన్నెవరు రమ్మన్నారు?" అన్నాడు మెల్లగా. "వెళ్ళిపో ఇసౌరా. చూడలేదనుకో."

"ఏం చేస్తున్నావు నువ్వు?"

"నీ కల నిలబెడుతున్నా. ఇది బయటపడితే పురావస్తు తవ్వకాలవాళ్ళొస్తారు. ఏళ్ళ తరబడి పని ఆగుతుంది. నీ నాట్యశాల కాగితం మీదే చస్తుంది."

"మరి... ఇవన్నీ ఎక్కడికి..."

వాడు ఆమె వెనక్కి చూశాడు. స్తంభాల వైపు.

"నాలుగింటిలోనూ ఉన్నారు" అన్నాడు. "కాంక్రీటులో బాగానే కలిశారు."

ఆమె ఒకడుగు వెనక్కి వేసింది. "కాసియానీ తాతని..."

"ముసలాడు తొంగిచూశాడు. చంపాలని కొట్టలేదు."

"నేను పోలీసుల దగ్గరికి పోతున్నా."

అంతే. స్నేహం, కాలేజీ, జంట ఎడ్లు... అన్నీ ఆ ఒక్క మాటతో పోయాయి. సుత్తి లేచింది. ఆమె తల తప్పించింది గానీ భుజం తప్పించలేకపోయింది. ఎముక విరిగిన చప్పుడు ఆమెకే వినిపించిందట. కింద పడింది. వాడు జుట్టు పట్టి లోపలికి ఈడ్చాడు. చేతికి అందిన ఇనప కడియంతో వాడి మొహం మీద కొట్టింది. పళ్ళు రాలాయి. మళ్ళీ కొట్టింది. వాడి పట్టు సడలింది. కన్నంలోంచి పాకుతూ బయటపడింది... వాడి చెయ్యి ఆమె చీలమండ పట్టుకుంది.

లాంతరు ఆరిపోయింది.

చీకట్లో వాడి గొంతు వినబడింది. కోపం కాదు... భయం. "ఎవరది?... నా కాళ్ళు... ఎవర్రా పట్టుకుంది?"

చీలమండ మీద చెయ్యి వదిలేసింది. తనే వదిలినట్టు కాదట. ఎవరో ఒక్కొక్క వేలూ విడదీసినట్టు...

ఆమె వెనక్కి చూడకుండా పరిగెత్తింది.

ఇక్కడి నుంచి నేను చూసింది.

విరిగిన చెయ్యి వేలాడేసుకుని, నెత్తురోడుతూ నా బండి మీద వచ్చి పడింది. పక్కన లాంతరు వెలుగులో డామినో బిళ్ళలు ఆడుకుంటున్న మగాళ్ళంతా లేచారు. సుత్తులు, గునపాలు పట్టుకుని బయల్దేరారు. లాంతరు పట్టుకుని ముందు నేనే నడిచాను.

టార్పాలిన్ లాగాం.

కన్నం లేదు.

గోడ నిండుగా ఉంది. పగడపు రాయి మీద పగడపు రాయి. గచ్చు మీద పాచి. ఇసౌరా వేలు చూపించింది... "ఇక్కడే... ఇక్కడే అత్తా..."

"ఈ పిల్లకి మతి పోయింది" అన్నాడొకడు.

అప్పుడు వినిపించింది. గోడలోంచి. చాలా లోతునుంచి.

"ఇసౌరా... తియ్యండి... తియ్యండ్రా..."

ఎవరిస్టో గొంతే.

మగాళ్ళు గునపాలు దించారు. నిన్నటిదాకా పిండిలా రాలే గచ్చు, ఆ రాత్రి ఇనుమైంది. గునపం దిగితే నిప్పురవ్వలు లేచాయి. లోపల కేకలు... కాసేపు పేరు పెట్టి పిలిచాడు. కాసేపు బూతులు తిట్టాడు. తర్వాత "నీళ్ళు... చుక్క నీళ్ళు..." అని ఏడ్చాడు. ఆ తర్వాత గీకిన చప్పుడు.

ఆ తర్వాత ఏమీ లేదు.

రాయి కదిలేసరికి చంద్రుడు చర్చి గోపురం ఎక్కాడు. ముందు లోపలికి లాంతరు పెట్టింది నేనే.

గోడ మొదట్లో ముడుచుకుని కూర్చున్నాడు. వేళ్ళకి గోళ్ళు లేవు. కళ్ళు తెరిచే ఉన్నాయి. చుట్టూ వాళ్ళంతా... ఆ ఎముకలన్నీ... ఎవరి చోట వాళ్ళు ఒద్దికగా పడుకున్నారు. గోనెసంచి ఖాళీగా ఉంది.

ఇసౌరా గాజు కప్పు వెయ్యలేదు. గీసిందంతా చింపేసి మళ్ళీ గీసింది. ఆ నాలుగు స్తంభాల మీద ఇప్పుడు ఆకాశమే ఉంది. గదిలోని వాళ్ళని ఆ స్తంభాల మధ్యనే పూడ్చి, పేరు తెలియని వాళ్ళని పేట పేటంతా ఏడ్చి సాగనంపింది. ఆదివారాలు డప్పు మోగేది అక్కడే. తల పగిలిన కాసియానీ తాత కూడా వచ్చి కూర్చుంటాడు. ఇసౌరా ఎడమ చెయ్యి మాత్రం భుజం దాటి లేవదు.

ఆ మర్నాడు ఎవరిస్టోని కోసి చూసిన డాక్టరు నన్ను పక్కకి పిలిచాడు. శవాన్ని ముందు చూసింది నువ్వేగా అని.

"నిజం చెప్పమ్మా" అన్నాడు గొంతు తగ్గించి. "ఇతన్ని ఎన్నాళ్ళు బంధించారు?"

"బంధించడమేంటి బాబూ?"

"దెబ్బల వల్ల పోలేదు. తిండీ నీళ్ళూ లేక పోయాడు. రోజుల తరబడి మాడాడు. పేగులు ఎండి అతుక్కుపోయాయి. కడుపులో ఒక్క ముక్క లేదు..."

ముందురోజు సాయంత్రం కరెంటు పోకముందు, ఎవరిస్టో నూనె కారుతున్న వేడివేడి అరెపాలు రెండు, నా బండి దగ్గరే నిలబడి తిన్నాడు. మూడోది పెట్టించుకున్నాడు.